కాగితం మీద పెట్టిన మహనీయుడు – మైకేల్ ఫారడే



నిర్మల్, ఆదిలాబాద్ కచేరీలలో 33 ఏండ్లు గుమాస్తాగా పనిచేసి, కరీంనగర్‌లో మా నాన్నగారు కట్టించిన ఇంట్లో కాలం గడుపుతున్నవాడిని. ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని కార్యదర్శిగారు ఆదేశించగా ఫారడే గుర్తుకు వచ్చారు. కారణం మా ఇంటి కరెంటు.

పోయిన వానాకాలంలో మా మనుమడు స్విచ్చి ఆపి, వసారాలో మాడిపోయిన బల్బు తీయబోతే షాకు కొట్టింది. దేవుని దయవల్ల స్టూలు మీదినుంచి పడి చేయి బెణకడంతో పోయింది. స్విచ్చి ఆపినా షాకు ఎట్లా వచ్చింది? కర్రపట్టీల మీద వేసిన పాత వైరింగు, తీగలన్నీ ఒకటే రంగు. ఏది ఎక్కడికి పోతుందో నాన్నగారికే తెలుసు. ఆయన పోయి ఇరవై ఏండ్లు. కాగితం మీద ఎవరూ పెట్టలేదు.

ఫారడే 1791 సెప్టెంబర్ 22న లండన్ సమీపాన ఒక కమ్మరి ఇంట జన్మించారు. చదువు అంతంతమాత్రం. 1805లో పుస్తకాల బైండింగు దుకాణంలో ఏడేండ్ల పనికి కుదిరి, బైండింగుకు వచ్చిన పుస్తకాలే చదివి విద్యుత్తు గురించి తెలుసుకున్నారు. 1812లో సర్ హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, రాసుకున్న నోట్సును స్వయంగా బైండు చేసి ఆయనకే పంపారు. అదే దరఖాస్తుగా పనిచేసి, 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుని ఉద్యోగం వచ్చింది.

1831 ఆగస్టు 29న ఇనుప కడియానికి రెండు వైపులా తీగలు చుట్టి, ఒక చుట్టను బ్యాటరీకి కలిపారు. కలిపినప్పుడు, తీసినప్పుడు మాత్రమే రెండో చుట్ట వైపు ముల్లు కదిలింది. తీగచుట్టలో అయస్కాంతాన్ని కదిపినా విద్యుత్తు పుడుతుందని అక్టోబరులో తేల్చారు. 1983లో మొదటి యూనిట్ మొదలైన మన రామగుండం ఎన్.టి.పి.సి. జనరేటర్లు తిరిగేది ఆ సూత్రం మీదనే.

ఆయనకు జ్ఞాపకశక్తి తక్కువ. అందుచేత ప్రతి ప్రయోగాన్నీ, ఫలించనిదాన్ని సైతం, వరుస నంబర్లు వేసి రాసుకునేవారు. మనం ఫైళ్లలో పేరాలకు నంబర్లు వేసినట్లే! అవి 16,000 దాటాయి.

పింఛనుదారులకు మరో ముచ్చట. 1835లో ప్రధానమంత్రి మెల్‌బోర్న్ పింఛన్ల గురించి చులకనగా మాట్లాడగా ఫారడే తనకు అక్కరలేదన్నారు. ప్రధాని క్షమాపణ చెప్పుకున్న తరువాతనే ఏడాదికి 300 పౌండ్లు స్వీకరించారు. సర్ బిరుదు వద్దన్నారు. 1867 ఆగస్టు 25న కన్నుమూశారు.

ఆ మహనీయుని పద్ధతే మా ఇంటిని గట్టెక్కించింది. ఎలక్ట్రీషియన్ ఒక్కొక్క ఫ్యూజు తీస్తుంటే, ఏ దీపం ఆరిందో, ఏ ప్లగ్గు ఆగిందో నేను నంబరు వేసి రాశాను. తరువాత మెయిన్ ఆపి, కాగితం ప్రకారం తీగల వెంట పోగా దొంగ దొరికాడు. వసారా స్విచ్చిని ఫేజు తీగకు బదులు న్యూట్రల్ తీగకు పెట్టారు! స్విచ్చి ఆపితే దీపం ఆరుతుంది గాని, హోల్డరులో కరెంటు అట్లాగే ఉంటుంది. దాన్ని సరిచేయించాను.

ఆ కాగితం ఇప్పుడు మీటరు పక్కన అతికించి ఉంది. నా తరువాతివారికి వెతుకులాట ఉండదు. మీరూ మీ ఇంటి వివరం రాసి పెట్టండి. తీగల పని మాత్రం ఎలక్ట్రీషియన్‌కే వదలండి. పాత ఇండ్లలో మెయిన్ ఆపనిదే బల్బు కూడా ముట్టకండి.