పద్యమున ప్రజలను చూపిన సురవరం

కృష్ణా తుంగభద్రల నడుమ వెలసిన గద్వాల సంస్థానము విద్వద్గద్వాలయని ప్రసిద్ధి కెక్కినది. పొరుగున వనపర్తియు, నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని కొల్లాపురము రాజధానిగా గల జటప్రోలును కవిపండితులను పోషించిన సంస్థానములే. ఇట్టి సీమలో, బోరవెల్లి గ్రామమున, 1896 మే 28వ తేదీన సురవరం ప్రతాపరెడ్డిగారు జన్మించిరి.

కర్నూలులో వెల్లాల శంకరశాస్త్రిగారియొద్ద సంస్కృతకావ్యములు పఠించి, మద్రాసులో పట్టభద్రులై, న్యాయశాస్త్రమును అభ్యసించిరి. కాని వకీలు వృత్తియందు వారి మనసు నిలువలేదు. హైదరాబాదు రెడ్డి వసతిగృహ కార్యదర్శియై విద్యార్థుల నడుమ మెలగిరి. 1926లో గోలకొండ పత్రికకు సంపాదకులైరి. ఉర్దూ రాజభాషగా నున్న ఆ దినములలో తెలుగు చదువునకు ఆదరణ స్వల్పము.

నిజాము రాష్ట్రమున తెలుగు కవులు పూజ్యమని ఒక పండితుడు వ్రాయగా ప్రతాపరెడ్డిగారు వాదమునకు దిగలేదు. ఊరూర నున్న కవుల పద్యములను పత్రికాముఖమున రప్పించి, 354 మంది రచనలతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. నింద దానంతట అదియే తొలగెను.

అంతకన్న విలువైనది 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర. రాజుల యుద్ధములు కాక, ప్రజలు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ ఆటలాడిరి అనునవి అందలి విషయములు. శాసనములు చెప్పని ఈ సంగతులను వారు కావ్యములలో వెదకిరి. క్రీడాభిరామమున ఓరుగల్లు వీధులు, పూటకూటి ఇల్లు. ఆముక్తమాల్యదలో వానకాలపు రైతుల పాట్లు. హంసవింశతిలో వృత్తులు, పిల్లల ఆటలు వారికి ఆధారములైనవి. నిఘంటువులు తీర్చలేని సందేహములకు పల్లెజనుల వాడుకను ఆశ్రయించిరి.

తెలుగు ఉపాధ్యాయునకు ఇందొక బోధనామార్గము గలదు. ప్రతిపదార్థము, అలంకారము, గణవిభజన అనగానే విద్యార్థి బెదరును. అట్లుగాక, పద్యమును ముందు రాగయుక్తముగా చదివి, అందలి ఒక ఆటనో పనిముట్టునో చూపి, మీ యూర దీని పేరేమని అడిగిన చాలును. పిల్లలు అవ్వను, కమ్మరిని, కాపును అడిగి జవాబు తెత్తురు. మరునాడు ఆ పద్యము వారి సొంతమగును. పిదప ఛందస్సు బరువు కాదు.

1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైన ప్రతాపరెడ్డిగారు 1953 ఆగస్టు 25న పరమపదించిరి. 1955లో తెలుగునకు లభించిన తొలి సాహిత్య అకాడమీ పురస్కారము వారి సాంఘిక చరిత్రకే దక్కెను. దానిని చూచుటకు వారు లేరు. వారు చూపిన త్రోవ మాత్రము నేటికిని ప్రతి తరగతి గది ముంగిట నున్నది.