ఆదిభట్ల నారాయణదాసు

ఆదిభట్ల నారాయణదాసు (ఆగష్టు 31, 1864 - జనవరి 2, 1945) సుప్రసిద్ధ హరికథకుడు, సంగీత సాహిత్య విద్వాంసుడు, బహుభాషా పండితుడు. తెలుగునాట హరికథా ప్రక్రియకు నిండైన రూపము నిచ్చినందున హరికథా పితామహుడుగా పేరుగాంచాడు. ముప్పైయైదేళ్ళు ఊరూరా కథాగానము చేసిన తరువాత, 55వ యేట అధ్యాపక వృత్తిలో ప్రవేశించి, విజయనగరములోని సంగీత పాఠశాలకు తొలి ప్రిన్సిపాలుగా 17 సంవత్సరాలు పనిచేశాడు.

బాల్యము, విద్య

నారాయణదాసు బొబ్బిలి ప్రాంతములోని అజ్జాడ గ్రామములో వేంకట చయనులు, లక్ష్మీ నరసమ్మ దంపతులకు జన్మించాడు. ఈ గ్రామము ప్రస్తుతము పార్వతీపురం మన్యం జిల్లా బలిజిపేట మండలములో ఉన్నది. తల్లిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. తల్లి పాడే పాటలు, పద్యాలు వినియే ఆయన చిన్ననాట భాగవత పద్యాలను కంఠస్థము చేశాడు. అయిదేళ్ళ వయసులో పుస్తకాల దుకాణము వద్ద భాగవత పద్యాలు చదివి, దుకాణదారుని మెప్పించి ఆ గ్రంథమునే బహుమతిగా పొందాడని చెప్తారు. బొబ్బిలిలో వాసా సాంబయ్య వద్ద కొంతకాలము వీణ నేర్చుకున్నాడు. సంగీతములో ఆయన పొందిన గురుశిక్షణ దాదాపు అంతే. తక్కినదంతా వినికిడి, సాధన. తరువాత విజయనగరములో అన్నగారి ఇంట ఉండి ఇంగ్లీషు చదువు చదివాడు గాని, పట్టభద్రుడు కాలేదు.

హరికథకుడుగా

1883లో మద్రాసు నుండి వచ్చిన కుప్పుస్వామి నాయుడు అనే భాగవతారు విజయనగరములో చెప్పిన హరికథ విని, తానును అట్టి కథ చెప్పవలెనని సంకల్పించాడు. వెంటనే ధ్రువచరిత్రము రచించి ఆ యేడే గానము చేశాడు. అప్పటికి వయసు 19 ఏళ్ళు. అది మొదలు కాలికి గజ్జె, చేత చిరతలు, మెడలో పూలదండతో తెలుగు దేశమంతటా, మద్రాసు, మైసూరు ప్రాంతాలలోను తిరిగాడు. కథ రచించుట, రాగము కట్టుట, పాడుట, ఆడుట, నడుమ వ్యాఖ్యానము చెప్పుట, అన్నిటినీ ఒక్కడే నిర్వహించేవాడు. రెండు చేతులతో, రెండు కాళ్ళతో, శిరస్సుతో ఒకేసారి అయిదు తాళాలు వేయగల లయజ్ఞానము ఆయనది.

విజయనగర ప్రభువు ఆనంద గజపతి ఆయనను ఆదరించాడు. 1897లో ఆనంద గజపతి మరణించాడు. మైసూరు మహారాజు సత్కరించి తమ ఆస్థానమున ఉండుమని కోరగా, నారాయణదాసు అంగీకరించలేదు. సన్మానములు పుచ్చుకొన్నాడే గాని కొలువులో ఇముడుటకు ఇష్టపడలేదు.

గాన పాఠశాల

విజయనగర ఆస్థానోద్యోగి ఒకరికి అంధుడైన కుమారుడు ఉండేవాడు. అతనికి సంగీతముపై ఆసక్తి మెండు. ఆ బాలునికి విద్య నేర్పించు మార్గము ఆలోచించిన పూసపాటి విజయరామ గజపతి మహారాజు, ఒక్కనికి గురువును నియమించుటకు బదులు అందరికీ ఉపయోగపడు పాఠశాలనే నెలకొల్పాడు. ఇది ఫిబ్రవరి 5, 1919న ప్రారంభమైనది. దక్షిణ భారతములో ఏర్పడిన మొదటి సంగీత కళాశాలలలో ఇది ఒకటి.

ప్రిన్సిపాలు పదవికి మహారాజు నారాయణదాసును కోరాడు. కొలువు చేయనివాడు ఉద్యోగము ఎట్లు చేయునన్నది ఇక్కడ చిక్కు. పాఠశాలను శ్రీరామచంద్రునికి అంకితము చేసినచో, తాను సేవించునది రాజును గాక రాముని అగును గనుక, ఆ నియమముపై ఆయన ఒప్పుకున్నాడని ప్రతీతి. శ్రీ విజయరామ గాన పాఠశాల అను పేరు దేవునికీ, రాజుకూ సరిపోయింది.

అంతవరకు సంగీత విద్య గురుకుల పద్ధతిలో సాగేది. శిష్యుడు గురువు ఇంట ఉండి, పనిపాటలు చేస్తూ, ఆయన పాడినపుడు విని నేర్చుకోవలసి వచ్చేది. పాఠశాలలో గాత్రము, వీణ, వయొలిన్, మృదంగము వేరువేరు తరగతులుగా, వేరువేరు అధ్యాపకుల వద్ద వేళ ప్రకారము నేర్పవలసి వచ్చింది. క్రమశిక్షణ పొంది సంగీతము నేర్వని వ్యక్తి అట్టి సంస్థకు అధిపతి కావడం విచిత్రమే. అయితే పట్టాలు, గురుపరంపరలు చూడక విద్వత్తును మాత్రమే చూచుటకు అదియే కారణమై ఉండవచ్చు. వయొలిన్ విద్యార్థిగా చేరుటకు వచ్చిన ద్వారం వేంకటస్వామి నాయుడు వాదన విని, ఆయనను 1919లోనే వయొలిన్ ఆచార్యునిగా నియమించుట ఇందుకు నిదర్శనము. అప్పటికి నాయుడుకు పాతికేళ్ళు.

ఉద్యోగములో చేరినను నారాయణదాసు హరికథలు మానలేదు. హరికథలో ఆయన శిష్యులైన వాజపేయాజుల సుబ్బయ్య, నేతి లక్ష్మీనారాయణ ప్రసిద్ధి పొందారు. గురువు వలె రచన, గానము, నృత్యము, పాండిత్యము అన్నీ ఒకరియందే కుదరడం మాత్రము అరుదు.

రచనలు

యథార్థ రామాయణము, సావిత్రీ చరిత్రము, భీష్మ చరిత్రము మొదలగునవి తెలుగు హరికథలు. గౌరమ్మ పెండ్లి అచ్చతెలుగు హరికథ. సంస్కృతములోను హరికథలు రచించాడు. షేక్‌స్పియర్, కాళిదాసుల రచనలనుండి రసానుగుణమైన ఘట్టాలను ఏర్చి కూర్చినది నవరస తరంగిణి. ఉమర్ ఖయ్యాం రుబాయీల పారశీక మూలమును, ఫిట్జిరాల్డ్ ఆంగ్లానువాదమును దగ్గర ఉంచుకొని సంస్కృతములోనికి, అచ్చతెలుగులోనికి చేసిన అనువాదము 1932లో వెలువడింది. పాఠశాల బాధ్యత వహించుచునే ఆయన ఇట్టి కృషి చేయడం గమనింపదగినది. నా యెఱుక ఆయన ఆత్మకథ. అది ఆయన యౌవనకాలము వద్దనే ఆగిపోయినందున, అధ్యాపక జీవితమును గూర్చి ఆయన మాటలలో తెలుసుకొను వీలు లేకపోయింది.

పదవీ విరమణ అనంతరము

1936లో నారాయణదాసు పదవీ విరమణ చేయగా, ద్వారం వేంకటస్వామి నాయుడు ప్రిన్సిపాలు అయ్యాడు. పేద విద్యార్థిగా విజయనగరము వచ్చి, మధుకరము చేసుకొని ఆ కళాశాలలో చదివిన ఘంటసాల వేంకటేశ్వరరావు తరువాత చలనచిత్ర గాయకుడుగా ప్రఖ్యాతి పొందాడు. నారాయణదాసు జనవరి 2, 1945న మరణించాడు. ఆయన తొలి ప్రిన్సిపాలుగా ఉన్న పాఠశాల తరువాత ప్రభుత్వ ఆధీనములోనికి వచ్చి, మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలగా విజయనగరములో కొనసాగుచున్నది. 2019లో దానికి నూరేళ్ళు నిండాయి.