కర్నల్ డి. ఎస్. రాజు: అండమాను యాత్ర, యుద్ధస్మృతి

నేడు శ్రీవిజయపురమని పిలువబడుచున్న పోర్ట్ బ్లెయిరు నగరమున జంగ్లీఘాట్ తెలుగువారు నివసించు రేవుపేట. యుద్ధకాలమున ఆ నగరమునకు వచ్చిన ఆంధ్రులలో కర్నల్ దాట్ల సత్యనారాయణ రాజుగారు ప్రసిద్ధులు.

1904లో జన్మించిన రాజుగారు వైద్యవిద్య నభ్యసించి, యుద్ధకాలమున ఆగ్నేయాసియాలో ఆజాద్ హింద్ ఫౌజున పనిచేసి, నేతాజీ సుభాష్ చంద్రబోసునకు స్వంత వైద్యులైరి.

జపాను సేన 1942 మార్చి 23న అండమాను దీవులను ఆక్రమించెను. ఆ దీవులను ఆజాద్ హింద్ తాత్కాలిక ప్రభుత్వమున కప్పగింతుమని 1943 నవంబరులో టోక్యోలో ప్రకటన వెలువడెను. డిసెంబరు 29న నేతాజీ పోర్ట్ బ్లెయిరున దిగినపుడు ఆనందమోహన్ సహాయ్, కెప్టెన్ రావత్‌లతోపాటు రాజుగారును ఆయన వెంట నుండిరి. మరునాడు జింఖానా మైదానమున త్రివర్ణపతాక మెగిరెను.

ఆ దినములలోనే మరియొక వైద్యుడు సెల్యులర్ జైలున చిత్రహింసల ననుభవించుచుండెను. ఆయన పంజాబీ కవి డాక్టర్ దివాన్ సింగ్. ఆ దీవులలోని భారత స్వాతంత్ర్య సంఘమునకు అధ్యక్షుడై యుండియు, 1943 అక్టోబరులో గూఢచారి యన్న నెపమున నిర్బంధింపబడెను. నేతాజీ ఆ జైలును దర్శించిరి. కాని అందలి బందీలను జపాను అధికారులు ఆయనకు చూపరైరి. 1944 జనవరి 14న దివాన్ సింగ్ మరణించెను. అదే నెల 30న హంఫ్రీగంజ్ వద్ద 44 మంది భారతీయులు కాల్చి చంపబడిరి. పిమ్మట దీవుల పాలకుడుగా వచ్చిన లోగనాథన్‌కు విద్యాశాఖ తప్ప వేరధికారము దక్కలేదు. ఆయనయు వైద్యుడే.

యుద్ధానంతరము రాజుగారు 1957, 1962, 1967 ఎన్నికలలో రాజమండ్రి నుండి లోకసభకు ఎన్నికైరి. కేంద్రమున రక్షణశాఖ ఉపమంత్రిగా పనిచేసిరి. 1958లో ప్రారంభమైన కాకినాడ రంగరాయ వైద్యకళాశాల స్థాపనలో వారి కృషి ముఖ్యమైనది.

సైనిక చరిత్రలు పతాకావిష్కరణమును వర్ణించును. దీవులవాసుల జ్ఞాపకములు హంఫ్రీగంజ్‌ను మరువవు. 2005లో విడుదలైన శ్యామ్ బెనెగల్ చలనచిత్రమునకు కథానాయకుడు నేతాజీ. రాజుగారి నామము సాధారణముగా పరివారపు పట్టికలో మాత్రమే కానవచ్చును. ఆ పేరును పతాకము ప్రక్కనే కాక, ఆ వారమున జైలుగదిలో నున్న సహవైద్యుని పేరు ప్రక్కనను ఉంచి చదివినప్పుడే, ఆ యాత్ర సంపూర్ణ చరిత్ర యగును.