కాటన్ దొర నీరిచ్చారు, నారు పోసే తేదీ మన చేతిలో ఉంది

గోదావరి డెల్టా రైతు సోదరులారా! మీ పొలానికి పారే కాలువ నీటి వెనుక ఒక మనిషి కష్టం ఉంది. ఆర్థర్ కాటన్ 1803లో ఇంగ్లాండులో పుట్టారు. 1821లో మద్రాసు వచ్చి సైన్యంలో ఇంజనీరుగా పనిచేశారు. ముందుగా తమిళనాట కొల్లిడం నదిపై ఆనకట్టలు కట్టించారు. గోదావరి పక్కనే ఉన్నా ఈ ప్రాంతం ఒక ఏడు వరదతో, మరో ఏడు కరువుతో అల్లాడేది. అది చూసి 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పనులు మొదలుపెట్టారు. అనారోగ్యం వేధించినా వదల్లేదు. 1852లో ఆనకట్ట పూర్తయింది. 1899లో 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన నీరిచ్చారు. ఎండను, వేడిని మాత్రం ఎవరూ మళ్లించలేరు. వాటికి తగిన తేదీని మీరే ఎంచుకోవాలి.

సార్వాలో మబ్బుల వల్ల పైరుకు ఎండ తక్కువ. దాళ్వాలో ఎండ నిండుగా ఉంటుంది కాబట్టే దిగుబడి ఎక్కువ. అయితే నారు ఆలస్యమైతే ఆ లాభం పోతుంది. పూత సమయంలో ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని తాలు గింజలు పెరుగుతాయి.

లెక్క సులభం. 120 రోజుల రకం కోతకు సుమారు 30 రోజుల ముందు పూతకు వస్తుంది. డిసెంబరు 1న నారు పోస్తే మార్చి మొదట్లో పూత. జనవరి 1న పోస్తే ఏప్రిల్ ఎండల్లో పూత. అందుకే సార్వా కోతలు కాగానే దాళ్వా నారుమడి సిద్ధం చేయండి. ఆలస్యం తప్పకపోతే తక్కువ కాలపరిమితి రకం ఎంచుకోండి. పూత దశలో మడిలో నీరు ఆరనివ్వకండి.