కోకా సుబ్బారావుగారు

చెన్నూరు ప్రాంతపుటడవులలోని తునికాకు వ్యాపారము 1971 నాటి శాసనముతో సర్కారు వశమయ్యెను. కొనువాడును, ధర నిర్ణయించువాడును సర్కారే. ఇట్టి గుత్తాధిపత్యము మంచిదా, చెడ్డదా యను చర్చకు మేమిపుడు దిగము. గుత్తాధిపతియే తగవరియు నైనచో ప్రజ యెవరికి మొరపెట్టుకొనవలెను? ఈ ప్రశ్నను 1958లోనే విచారించిన తెలుగు న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు.

వీరు 1902 జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. తండ్రి న్యాయవాది. చెన్నపురిలో న్యాయశాస్త్రము చదివి, మామగారైన వెంకటరమణారావు నాయుడుగారి కడ వృత్తి నభ్యసించిరి. 1948లో మదరాసు హైకోర్టు న్యాయమూర్తియు, 1954లో గుంటూరున నెలకొన్న ఆంధ్ర హైకోర్టునకు ప్రథమ ప్రధాన న్యాయమూర్తియు, 1958 జనవరిలో సుప్రీముకోర్టు న్యాయమూర్తియు నయిరి.

ఆ యేడే బస్సుల వ్యాజ్యము వచ్చెను. తెలంగాణమున సర్కారు బస్సు క్రొత్త గాదు. నిజాము రైల్వేవారు 1932లోనే 27 బస్సులతో దాని నారంభించిరి. కృష్ణాజిల్లాలో నట్లు గాక ప్రైవేటు యజమానులు బస్సులు నడపుచుండిరి. ఆ బాటలను తామే పుచ్చుకొందుమని రోడ్డు రవాణా సంస్థవారు స్కీము ప్రకటింపగా యజమానులు ఆక్షేపించిరి. ఆక్షేపణలను వినినది హోంశాఖ కార్యదర్శి. నిర్ణయము చేసినది ముఖ్యమంత్రి. వినిన వారొకరు, తీర్చిన వారొకరు! పైగా ఆ కార్యదర్శి రవాణాశాఖకే పెద్ద. గుళ్లపల్లి నాగేశ్వరరావుగారి పేర నడచిన యా వ్యాజ్యమున సుబ్బారావుగారు అధిక సంఖ్యాకుల పక్షమున తీర్పు వ్రాసి, స్కీము నామోదించిన యుత్తరువును కొట్టివేసిరి. సర్కారు వ్యాపారమును గుత్తకు దీసికొనరాదని వారనలేదు. 1951 నాటి రాజ్యాంగ సవరణ యందుకు వీలు కల్పించియే యుండెను. ఒకని జీవనాధారమును దీసికొనుటకు ముందు నిష్పక్షపాతి యగువాడు వాని మాట వినవలెననియు, వినినవాడే తీర్పవలెననియు వారి యభిప్రాయము.

తరువాత ముఖ్యమంత్రియే స్వయముగ విని స్కీము నామోదించెను. యజమానులు మరల సుప్రీముకోర్టు కెక్కిరి. 1959 నాటి యీ తీర్పును వ్రాసినదియు సుబ్బారావుగారే, యజమానులు ఓడిరి. వారిని ధనికపక్షపాతి యని దూషించువారు ఈ రెండవ తీర్పును చదివినట్లు మాకు తోపదు.

1966లో భారత ప్రధాన న్యాయమూర్తి యయిరి. ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గింపజాలదన్న 1967 నాటి గోలక్‌నాథ్ తీర్పు సుప్రసిద్ధము. ఆ యేప్రిలులోనే పదవి వీడి రాష్ట్రపతి పదవికి పోటీచేసి జాకీర్ హుసేనుగారి చేత నోడిరి. న్యాయపీఠము దిగిన వెంటనే యెన్నికల బరిలోనికి దిగుట మాకు రుచింపలేదు. తునికాకు శాసనము వచ్చునాటికి వారు పీఠమున లేరు. 1976 మే 6వ తేదీన పరమపదించిరి.