ఐస్‌లాండ్ విలేకరుల ఎంపికకు డెబ్బై ఏళ్లు

ఐస్‌లాండ్ జనాభా ఈరోజుకీ నాలుగు లక్షలు దాటలేదు. అంత చిన్న దేశంలో ఏటా ఒక్కరిని ఎంచి ‘ఈ ఏటి మేటి’ అని ప్రకటించాలంటే గుండె దిటవు ఉండాలి. ఓటు పడని ఆటగాడు మర్నాడే వేడినీటి కొలను దగ్గర ఎదురుపడొచ్చు మరి! 1956 నుంచి ఆ పని జంకకుండా చేస్తున్న అక్కడి క్రీడా విలేకరుల సంఘానికి డెబ్బై ఏళ్ల పండగ పూట మనసారా అభినందనలు.

సంఘం పుట్టిన ఏడాదికే తొలి విజేతనూ ఎంచుకున్నారు. ఆ ఏడు తర్జనభర్జనలు పడాల్సిన పనేముంది? మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ట్రిపుల్ జంప్‌లో విల్‌హ్యాల్ముర్ ఎయినార్సన్ అనే ఇరవై రెండేళ్ల కుర్రాడు 16.26 మీటర్లు దూకేశాడు. ఒలింపిక్ రికార్డు! బ్రెజిల్ దిగ్గజం అధెమార్ ద సిల్వా తేరుకుని 16.35 దూకేదాకా అందరికన్నా ముందున్నది అతనే. బెత్తెడు తేడాతో స్వర్ణం పోయినా, ఒలింపిక్స్‌లో ఐస్‌లాండ్‌కు అదే తొలి పతకం. ఆ తర్వాత మరో నాలుగుసార్లు ఈ పురస్కారం అతన్నే వరించింది. 1960లో అతను దూకిన 16.70 మీటర్ల జాతీయ రికార్డు ఇంకా చెక్కుచెదరలేదు. ఆటకు సెలవిచ్చాక చదువు చెప్పుకుంటూ ప్రిన్సిపాల్ అయ్యాడు. తాత పేరు పెట్టుకున్న కొడుకు ఎయినార్ ఈటె పట్టి 1983, 1985, 1988లలో అదే గౌరవం ఇంటికి తెచ్చాడు. ఫుట్‌బాల్‌లోనూ ఓ తండ్రీకొడుకుల జోడీ ఉంది: అర్నోర్ గుడ్యాన్సెన్, ఎయిదుర్.

ఓటు పద్ధతి నాకు భలే నచ్చింది. ప్రతి విలేకరీ పదిమంది పేర్లు వరుసగా రాస్తారు. మొదటి పేరుకు 20 పాయింట్లు, రెండో పేరుకు 15, మూడో పేరుకు 10, ఆపైన ఏడు నుంచి ఒక్కొక్కటీ తగ్గుతూ ఒకటి దాకా. ఏ ఆటైనా, ఆడైనా మగైనా అందరికీ ఒకటే పట్టిక. 1993లో గుర్రపు రౌతు గెలిచాడు. మరుసటి ఏడు ఏరోబిక్స్ వీరుడు మాగ్నుస్ షేవింగ్ వంతు. పిల్లల టీవీ షో ‘లేజీటౌన్’ సృష్టికర్త ఆయనే.

పండగ పూటే అయినా ఒక చురక తప్పదు. 1964లో హ్యాండ్‌బాల్ క్రీడాకారిణి సిగ్రిదుర్ సిగుర్దార్‌దోత్తిర్ గెలిచాక, మరో మహిళ పేరు వినడానికి 1991 దాకా ఆగాల్సి వచ్చింది. ఆమె స్విమ్మర్ రగ్నెయిదుర్ రునోల్ఫ్స్‌దోత్తిర్. అందరికీ ఒకటే పట్టిక పెట్టుకున్నవాళ్లకు ఇరవై ఏడేళ్లపాటు ఒక్క మహిళా కనబడలేదంటే నమ్మడం కష్టమే. ఈమధ్య ఆ బాకీ తీరుస్తున్నారు. ఫుట్‌బాలర్ సారా బ్యోర్క్ రెండుసార్లు గెలిచింది. 2024లో బయెర్న్ మ్యూనిక్ కెప్టెన్ గ్లోదిస్ పెర్లా పేరునైతే ఓటేసిన ప్రతి ఒక్కరూ మొదటి వరుసలోనే రాశారు.

రేక్యావిక్ మిత్రులారా, క్రిస్మస్‌కు మీ పదిమంది పేర్లూ బయటికి రానివ్వండి. విజేత మీద పందెం కాయడానికి మేమూ సిద్ధం!