విశ్వేశ్వరయ్యగారు – భద్రావతి నేర్పిన పాఠము

చిక్కబళ్లాపురమునకు సమీపమున, నందికొండకు చేరువలో, ముద్దేనహళ్లి యను చిన్న గ్రామము కలదు. హొసూరు, బాగేపల్లి, చింతామణి సీమలలో ఈ యూరి పేరు విననివారు అరుదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు జన్మించిన గ్రామమిది. వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండము నుండి మైసూరు సీమకు తరలివచ్చిన తెలుగువారు. తరములు గడచినను ఆ యూరి పేరే వారి యింటి పేరుగా నిలిచినది. కన్నడ దేశమున తెలుగు చదువు చదువుచున్న మనకు వారు పొరుగింటి పెద్దవంటివారు.

కృష్ణరాజసాగరము పేరు చెప్పగానే విశ్వేశ్వరయ్యగారు జ్ఞప్తికి వత్తురు. 1908లో మూసీ వరదపాలైన హైదరాబాదు నగరమునకు రక్షణ పథకము రచించినవారును వారే. ఈ సంగతులను మనము పాఠములలో చదువుకొనుచునే యున్నాము. కాని వారు పరిశ్రమలు నెలకొల్పినవారు కూడ. అట్టి పరిశ్రమలలో ఒకటి నష్టములలో మునిగి నగుబాటు తెచ్చినపుడు వారెట్లు వర్తించిరో తెలిసికొనుట మనకు మిక్కిలి ఉపయోగకరమని తలచి, ఆ వృత్తాంతమునే ఇచ్చట వ్రాయుచున్నాము.

విశ్వేశ్వరయ్యగారి తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. కుమారుడు బాలుడుగా నుండగనే ఆయన గతించెను. కుటుంబమునకు ఆస్తిపాస్తులు అంతంతమాత్రము. చిక్కబళ్లాపురమున చదువు ముగించుకొని విశ్వేశ్వరయ్యగారు బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో చేరిరి. ఒక కొడగు కుటుంబమువారి పిల్లలకు పాఠములు చెప్పుచు, ఆ ఆదరువుతో తాము చదువుకొని 1881లో బి.ఏ. పట్టము పొందిరి. పిమ్మట మైసూరు ప్రభుత్వపు విద్యార్థి వేతనముతో పూనాలో ఇంజనీరింగు చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వపు కొలువున అసిస్టెంటు ఇంజనీరుగా ప్రవేశించిరి. ప్రతి కానీకిని లెక్క చూచుకొను అలవాటు వారికి ఈ లేమి దినములలోనే అబ్బి యుండునని మా తలంపు. ఆ అలవాటే మున్ముందు ఒక పెద్ద కర్మాగారమును కాపాడినది.

1909లో వారు మైసూరు సంస్థానమునకు చీఫ్ ఇంజనీరుగాను, 1912లో దివానుగాను నియమింపబడిరి. వర్షము నమ్ముకొన్న సేద్యము ఒక్కటియే జనులను పేదరికమునుండి గట్టెక్కింపజాలదనియు, పరిశ్రమలు రావలయుననియు వారి దృఢవిశ్వాసము. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయము వారి పూనికతోనే వెలసినవి. చందన తైలపు కర్మాగారము, సబ్బుల కర్మాగారము కూడ ఆ కాలమునాటివే. అన్నింటికంటె పెద్ద సంకల్పము భద్రావతి ఇనుప కర్మాగారము.

బాబాబుడన్ కొండలలో ఇనుప రాయి సమృద్ధిగా కలదు. కాని ఇనుమును కరగించుటకు వలయు రాక్షసి బొగ్గు మైసూరు సీమలో లేదు. అందుచే మలెనాటి అడవుల కట్టెలను బొగ్గు చేసి, ఆ బొగ్గుతో ఇనుము తీయుటకు ఏర్పాటు చేయబడినది. పని ముగియక మునుపే, 1918 చివర, వెనుకబడిన కులముల వారికి ప్రభుత్వోద్యోగములలో స్థానములు కల్పించు విషయమున మహారాజుగారితో అభిప్రాయభేదము కలిగి, విశ్వేశ్వరయ్యగారు దివాను పదవిని వదలిరి.

1923 జనవరిలో కొలిమి రగులుకొన్నది. కాని కాలము అనుకూలింపలేదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున మిక్కిలి హెచ్చిన ఇనుము వెల యుద్ధానంతరము పడిపోయినది. యంత్రములకు పెట్టిన పెట్టుబడి అధికము. విదేశ నిపుణుల జీతములు అధికము. నష్టము పెరుగసాగెను. ఇది రాజ్యమునకు తెల్లయేనుగని అధిక్షేపించినవారును, మూసివేయుటయే మేలని తలచినవారును గలరు. అప్పుడు దీనిని చక్కదిద్దు భారము మహారాజు కృష్ణరాజ ఒడయరుగారి ప్రభుత్వము విశ్వేశ్వరయ్యగారికే అప్పగించినది. అప్పటికి వారు అఱువది యేండ్లు దాటినవారు. పదవి వదలినవాడను, ఈ నష్టముతో నాకేమి పని యని తప్పించుకొనుటకు వారికి వీలు గలదు. వారు తప్పించుకొనలేదు. పాలకమండలి అధ్యక్షులుగా 1923 నుండి 1929 వఱకు ఆ భారమును వహించిరి.

వారు చేసినదేమి? నష్టమును విధివ్రాతగా భావింపలేదు, పరులపై నెట్టనులేదు. నష్టము ఒక లెక్క; ఏ పద్దులో ఎంత పోవుచున్నదో చూచినచో దిద్దుబాటు దొరకునని వారి వైఖరి. ఇనుము వెల లోకపు సంతలో నిర్ణయమగును. అది వారి చేతిలోనిది కాదు. తయారీ వ్యయము మాత్రము వారి చేతిలోనిదే. కావున దానిని తగ్గించుటకు పూనుకొనిరి. అధిక వేతనముల విదేశీయుల స్థానమున క్రమక్రమముగా మనవారిని శిక్షణ నిచ్చి నియమించిరి. ఈ పని మనవారివలన కాదను మాట అట్లు నిలువకపోయెను. కట్టెలను మూతపాత్రలలో కాల్చి బొగ్గు చేయునపుడు వెలువడు ఆవిరులనుండి తారు, మిథైల్ ఆల్కహాలు మున్నగు సరుకులు లభించును; వానిని అమ్మినచో కట్టెల వ్యయము కొంత తిరిగివచ్చును. దుక్కయినుమును అట్లే అమ్ముటకు బదులు దానితో నీటి గొట్టములు పోతపోసినచో విలువ హెచ్చును. ఇట్టి మార్గములన్నియు అచ్చట అవలంబింపబడినవి.

ఇవి ఒక్కనాటిలో ఫలించిన పనులు కావు. ఆరేండ్లు పట్టినది. వారు బాధ్యతను వదలిన 1929 నాటికి కర్మాగారము నిలదొక్కుకొన్నది. 1936లో అచ్చట ఉక్కు తయారీయు ఆరంభమైనది. తమకు రావలసిన జీతపు మొత్తమును విశ్వేశ్వరయ్యగారు స్వంతమునకు వాడుకొనక, యువకులకు వృత్తివిద్య నేర్పుటకు వినియోగింపగోరిరి. 1943లో బెంగుళూరున వెలసిన జయచామరాజేంద్ర వృత్తివిద్యాలయము దాని ఫలమే.

పట్టుదలగలవారికి ప్రతి పనియు సిద్ధించునని మేము చెప్పబోవుటలేదు. మన దేశముననే మోటారుకార్లు తయారు కావలయునని వారు 1935లో ఐరోపా, అమెరికాలకు వెళ్లి, అచ్చటి కర్మాగారములను చూచి పథకము సిద్ధపఱచిరి. వాల్‌చంద్ హీరాచంద్‌గారు తోడైరి. కాని నాటి బ్రిటిషు ప్రభుత్వము సహకరింపలేదు. మైసూరున ఆ కర్మాగారము రాలేదు. 1944లో వాల్‌చంద్‌గారు బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థను నెలకొల్పిరి. విశ్వేశ్వరయ్యగారి ఊరి చెంతకు రావలసిన ఫలము మరియొక చోట పండినది. అయినను పరిశ్రమలను గూర్చి వ్రాయుట, ప్రభుత్వములకు సలహాలు చెప్పుట వారు మానలేదు. తరువాతికాలమున భద్రావతి కర్మాగారమునకు వారి పేరే పెట్టబడినది. ఇటీవలి దశాబ్దములలో అది మరల నష్టములపాలైనది. ఒక తరము దిద్దిన లెక్కను తరువాతి తరము మరల చూచుకొనవలసియే యుండును.

1955లో భారతరత్న బిరుదమందిన విశ్వేశ్వరయ్యగారు, 1962 ఏప్రిలులో నూరేండ్ల నిండు జీవితము ముగించిరి. వారి సమాధి ముద్దేనహళ్లిలోనే యున్నది. వీలైనచో విద్యార్థులు ఒకమారు దర్శించి రావలయును.

మన యిండ్లలో పట్టుపురుగులు పెంచువారు గలరు, అంగళ్లు నడపువారు గలరు. ఒక పంట పురుగు చచ్చినపుడు తలపై చేతులు పెట్టుకొని కూర్చుండువారిని చూచియున్నాము; ఆకు తడిగా పడినదా, తట్టలు శుభ్రపడలేదా యని వెదకువారిని గూడ చూచియున్నాము. నష్టము ఇరువురికిని సమానమే. మరుసటి పంట మాత్రము సమానము కాదు. పరీక్షలో మార్కులు తగ్గిన విద్యార్థికిని ఇదే వర్తించును. ఏ ప్రశ్నలో ఎన్ని మార్కులు పోయినవో కాగితము తెఱచి చూచుకొనుట కొంచెము కష్టముగనే యుండును. ఆ కష్టమునకు వెనుదీయనివానికే దిద్దుకొను దారి కనబడును. ముద్దేనహళ్లి పెద్ద మనకు విడిచిపోయిన ఆస్తి ఇదియే.